పాత పెట్టెకు మారని చిరునామా: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పదకొండు రాత్రులుగా బ్యాకప్ జరగడం లేదన్న సంగతి ఈ రోజు బయటపడింది. అదీ నేను వెతికి పట్టుకున్నది కాదు. మా అక్క పాత ఫొటో ఒకటి అడిగితే తీయబోయి చూసుకున్నాను. నా ల్యాప్‌టాప్ ప్రతి రాత్రి రెండు గంటలకు లేచి, మూలగదిలోని పాత కంప్యూటర్‌లోకి ఆ రోజు ఫైళ్లు పంపాలి. పాపం, పంపడానికి ప్రయత్నిస్తూనే ఉంది. కాకపోతే అది 192.168.1.7 అనే చిరునామా (నెట్‌వర్క్‌లో ఒక్కో యంత్రానికి ఉండే ఐపీ నంబరు) తలుపు తడుతోంది, ఆ తలుపు వెనక ఇప్పుడున్నది ఎవరిదో ఫోను.

ఆ పాత కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి పెట్టె అనే అంటాను, ఇంట్లో దాని పేరు అదే. అందులో డెబియన్ 12 ఉంది, లినక్స్‌లో అదో రకం. తెర లేదు, కీబోర్డు లేదు. కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి వదిలేశాను. రెండు వారాల కిందట మూడు రోజులు ఆపి ఉంచాను. మళ్లీ వెలిగించినప్పుడు దానికి పాత చిరునామా దక్కలేదు. రౌటర్ పేజీ తెరిచి జాబితా చూస్తే ఇప్పుడు 192.168.1.12లో ఉంది.

ఇదంతా డీహెచ్‌సీపీ వ్యవహారం, అంటే యంత్రాలకు రౌటర్ చిరునామాలు పంచే పద్ధతి. కొత్తగా వెలిగిన యంత్రం “నాకో చిరునామా కావాలి, ఇచ్చేవాళ్లున్నారా” అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా కేక వేస్తుంది. “7 ఖాళీగా ఉంది, కావాలా” అంటుంది రౌటర్. “సరే, 7 నాకే” అంటుంది యంత్రం. “నీదే, ఇన్ని గంటల వరకు” అని రౌటర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో అద్దె ఒప్పందం అయిపోతుంది. అద్దె అన్నది నేను పెట్టిన పోలిక కాదు, ఆ పద్ధతిలో వాడే అసలు మాటే అది.

ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచే ఇంకో యంత్రంలో కమాండ్లు కొట్టే దారి) ద్వారా పెట్టెలోకి వెళ్లి ‘ఐపీ అడ్రస్’ అని కొట్టాను. నెట్‌వర్క్ కార్డు పేరు కింద ఐనెట్ 192.168.1.12/24 అని ఉంది, అదే వరుసలో ‘డైనమిక్’ అనే మాట ఉంది, అంటే అద్దె చిరునామా. దొంగ దొరికాడు. దాని కింది వరుసలో మిగిలిన గడువు 43,911 సెకన్లు. మళ్లీ కొట్టాను, 43,902. ఊరికే ఉండలేక పన్నెండు నిమిషాలు అలా కొడుతూ కూర్చున్నాను. 43,200 దగ్గరికి వచ్చిందో లేదో, సంఖ్య ఒక్కసారిగా 86,400కు ఎగిరింది. అంటే రౌటర్ ఇచ్చే గడువు 24 గంటలు. సగం గడవగానే పెట్టె తనంతట తానే అద్దె పొడిగించుకుంది. అప్పుడు రౌటర్ పలకకపోతే, గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక మరోసారి అడుగుతుంది, ఈసారి ఎవరు విన్నా సరేనన్నట్లు అందరికీ కేక వేస్తుంది. 1997లో రాసిన ప్రమాణంలోని లెక్క ఇది. ఇన్నేళ్లుగా వాడుతూ, ఆ గడువు సగం దగ్గర మలుపు తిరగడం కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

అంటే ఆగకుండా నడిచే యంత్రానికి చిరునామా మారే అవసరం మామూలుగా రాదు. ఇల్లు తాళం వేసి గడువు దాటేవరకు రాకపోతేనే వేరొకరు దిగుతారు.

నిర్ణయం: పెట్టెకు 192.168.1.50 శాశ్వతంగా ఇవ్వాలి. 50 ఎందుకంటే గుర్తుంటుంది. అంతకు మించి ఆలోచించలేదు.

పని మొదలుపెట్టే ముందు నోటుబుక్కులో రాసుకున్నవి: ఇప్పటి చిరునామా, మాస్క్ 24 (చిరునామాలో గీత తర్వాతి అంకె), గేట్‌వే (బయటికి దారి) 192.168.1.1, డీఎన్ఎస్ (పేర్లకు అంకెల చిరునామా చెప్పేది) కూడా అదే, కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డుకు తయారీలోనే పడే గుర్తు). దేన్నైనా పాడుచేసే ముందు అది బాగున్నప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకోవడం నాకు ఆలస్యంగా అబ్బిన బుద్ధి.

2వ రోజు

ఫైళ్ల జోలికి వెళ్లకుండా ముందు ‘ఐపీ’ కమాండ్‌తోనే చేసి చూద్దామనుకున్నాను. ఈ కమాండ్‌తో చేసిన మార్పులు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) జ్ఞాపకంలోనే ఉంటాయి, రీబూట్ చేస్తే తుడిచిపెట్టుకుపోతాయి. అందరూ దీన్ని లోపమని చెబుతారు. తప్పులు చేస్తూ నేర్చుకునేవాడికి మాత్రం ఇంతకన్నా మంచి సదుపాయం లేదు.

మొదటి కమాండ్: ఐపీ అడ్రస్ ఫ్లష్ డెవ్ ఈఎన్‌పీ3ఎస్0. అంటే ఈఎన్‌పీ3ఎస్0 అనే పేరున్న నా కార్డు మీది చిరునామాలన్నీ తీసెయ్యమని. ఎంటర్ కొట్టాను. టెర్మినల్ బిగుసుకుపోయింది. అర నిమిషం తెర వైపు చూశాక గాని అర్థం కాలేదు: నేను ఆ చిరునామా మీదుగానే పెట్టెలో కూర్చుని ఉన్నాను. కూర్చున్న కొమ్మను నరుక్కున్న కథ చిన్నప్పుడు ఎంత నవ్వుతూ విన్నానో!

అటక మీది నుంచి పాత మానిటర్, కీబోర్డు దింపి పెట్టెకు తగిలించాను. ఇక పెట్టె ఎదుటే కూర్చుని కొట్టాను: ఐపీ అడ్రస్ యాడ్ 192.168.1.50 డెవ్ ఈఎన్‌పీ3ఎస్0. ఏ ఫిర్యాదూ లేకుండా తీసుకుంది. తర్వాత గేట్‌వే: ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.1.1. ఇక్కడ మొరాయించింది. ఆ గేట్‌వే చెల్లదట. నిన్నటిదాకా చెల్లిన గేట్‌వే ఇవాళ ఎందుకు చెల్లదు?

కేబుల్ పీకి పెట్టాను. అంకెలు మూడుసార్లు సరిచూశాను. చివరికి ‘ఐపీ అడ్రస్’ కొట్టి, చూడాల్సిన చోట చూశాను: 192.168.1.50/32.

నేను 24 రాయలేదు. రాయకపోతే అది తప్పని చెప్పదు, 32 అని తనే వేసుకుంటుంది. మొత్తం 32 బిట్ల చిరునామాలో మొదటి ఎన్ని బిట్లు వీధి పేరో, మిగిలినవి ఇంటి నంబరో ఆ గీత తర్వాతి అంకె చెబుతుంది. 24 అంటే మొదటి మూడు సంఖ్యలు వీధి, చివరిది ఇంటి నంబరు. ఆ 8 బిట్లలో 256 నంబర్లు పడతాయి, మొదటిది వీధికి, చివరిది వీధి మొత్తానికి వేసే కేకకు పోగా 254 ఇళ్లు. పాత పద్ధతిలో రాసే 255.255.255.0 కూడా ఇదే లెక్క. 32 అంటే వీధి మొత్తం నా ఒక్క ఇల్లే. పక్కనే ఉన్న 192.168.1.1 నా వీధిలోనే లేదు. లేని ఇంటి మీదుగా దారి వెయ్యమంటే కెర్నల్ మాత్రం ఏం చేస్తుంది?

పాతదాన్ని తీసేసి 24తో మళ్లీ రాశాను. గేట్‌వే ఒప్పుకుంది. రౌటర్‌కు పింగ్ (ఉన్నావా అని తట్టి చూసే పలకరింపు) వెళ్లింది, బయటికీ వెళ్లింది. రీబూట్ చేశాను. మళ్లీ 12. అనుకున్నట్లే అయింది, మానిటర్ మాత్రం అటక మీదికి ఎక్కించలేదు.

4వ రోజు

నిన్న పని జరగలేదు. ఈ రోజు శాశ్వతంగా చెయ్యాలని కూర్చుని, చాలా ఏళ్ల కిందట వేళ్లకు అలవాటైన దారే పట్టాను. ఈటీసీలో నెట్‌వర్క్ డైరెక్టరీ, అందులో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు. ఐదు వరుసలు: కార్డును బూట్‌లోనే లేపమని ఒకటి, అది స్టాటిక్ (మారని చిరునామా) అని ఒకటి, తర్వాత చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్.

మొదట అలవాటు కొద్దీ కార్డు పేరు ఈటీహెచ్0 అని రాసి కొట్టేశాను. ఆ పేర్లు పోయి చాలా కాలమైంది. వెనకటి రోజుల్లో కెర్నల్‌కు ఏ కార్డు ముందు కనబడితే అది 0, తర్వాతిది 1. రెండు కార్డులుంటే ఒక బూట్‌లో ఇది 0, మరో బూట్‌లో అది 0 అయ్యే ప్రమాదం ఉండేది. 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌ను లేపి నడిపే ప్రోగ్రామ్) 197తో కార్డు కూర్చున్న చోటును బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఈఎన్ అంటే ఈథర్నెట్, పీ3 అంటే పీసీఐలో (మదర్‌బోర్డులో కార్డులు కూర్చునే అమరిక) 3వ బస్సు, ఎస్0 అంటే ఆ బస్సులో 0వ సీటు. ఊహించగలిగే పేర్లని వీటికి గొప్ప పేరు. మదర్‌బోర్డులో కొత్తగా ఒక కార్డు పెడితే బస్సు నంబర్లు జరిగి ఇవీ మారవచ్చు, అది వేరే సంగతి.

రీబూట్. చిరునామా 50 వచ్చింది. రౌటర్‌కు పింగ్ వెళ్లింది. బయటి చిరునామా 9.9.9.9కు వెళ్లింది. సంతోషంగా అప్‌డేట్ చెయ్యబోతే సర్వర్ పేరు దొరకడం లేదంటూ ఆగిపోయింది. ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ ఎక్కే మెట్లు ఇవే: ముందు గేట్‌వే, తర్వాత బయటి అంకెల చిరునామా, ఆ తర్వాత పేరు. మొదటి రెండు మెట్లు గట్టిగా ఉండి మూడోది విరిగితే తప్పు డీఎన్ఎస్‌దే, కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

డీఎన్ఎస్ ఎవరో రాసి ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచాను. ‘నెట్‌వర్క్ మేనేజర్ తయారు చేసినది’ అన్న అర్థం వచ్చే ఒక వరుస, దాని కింద ఏమీ లేదు. నేను ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసిన డీఎన్ఎస్ వరుసను చదవడానికి రిజాల్వ్‌కాన్ఫ్ అనే వేరే ప్యాకేజీ ఉండాలి. అది నా పెట్టెలో లేదు. ఆ వరుస ఉన్నా లేనట్లే, తప్పని కూడా ఎవరూ చెప్పరు. ఆ ఫైల్లో చేత్తో నేమ్‌సర్వర్ వరుస రాశాను, పేర్లు పలికాయి. రీబూట్ చేశాను, నేను రాసిన వరుస మాయం.

కాసేపు కోపం వచ్చిన మాట నిజం. నోటుబుక్కులో ఒక పేజీ తీసి రెండు నిలువు గీతలు గీశాను. ఒక గడిలో చిరునామా, ఒక గడిలో గేట్‌వే, ఒక గడిలో డీఎన్ఎస్. ఒక్కోదాని కింద, దాన్ని రాసే హక్కు ఎవరికుంది అని రాసుకుంటూ పోయాను. డెస్క్‌టాప్‌తో పాటు డెబియన్ పెట్టినందువల్ల పెట్టెలో నెట్‌వర్క్ మేనేజర్ అనే, కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్ ఉంది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఒక కార్డు పేరు కనబడితే, అది వేరేవాళ్ల చేతిలో ఉందనుకుని నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని వదిలేస్తుంది. దాని కమాండ్ ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’ కొట్టి చూస్తే, నిజంగానే నా కార్డు ఎదురుగా ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంది. కార్డును వదిలేసింది గాని రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌ను వదల్లేదు. చిరునామా ఒకరి చేతిలో, డీఎన్ఎస్ ఫైలు ఇంకొకరి చేతిలో, మధ్యలో నేను మూడో చెయ్యి పెట్టాను.

ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో లూప్‌బ్యాక్ (యంత్రం తనతో తాను మాట్లాడుకునే దారి) వరుసలు తప్ప అన్నీ తీసేశాను. రేపటి నుంచి అన్నీ నెట్‌వర్క్ మేనేజర్ చేతిలోనే.

5వ రోజు

గంటలో అయిపోయింది. రెండు చోట్ల తడబడ్డాను.

నెట్‌వర్క్ మేనేజర్ కార్డులకు కాకుండా కనెక్షన్లకు లెక్క రాస్తుంది. దానంతట అది చేసిపెట్టిన కనెక్షన్ పేరు ‘వైర్డ్ కనెక్షన్ 1’. మధ్యలో ఖాళీలున్న పేరు కాబట్టి ప్రతిసారీ కొటేషన్లలో పెట్టాలి. విసుగొచ్చి పేరు మార్చాను. అదేదో తెలుగులోనే పెడదామని ‘ఇంటితీగ’ అన్నాను. టెర్మినల్ గుణింతాలను విరిచి అక్షరాలను ఒకదాని మీద ఒకటి పడేసింది గాని, నెట్‌వర్క్ మేనేజర్ మాత్రం కిమ్మనకుండా తీసుకుంది.

మొదటి తడబాటు: ముందుగా పద్ధతిని ‘మాన్యువల్’ అని ఒక్కటే మార్చబోయాను. మాన్యువల్ అంటే చిరునామాల గడి ఖాళీగా ఉండకూడదని తిప్పికొట్టింది. నాకు నచ్చింది. రెండో రోజున ‘ఐపీ’ కమాండ్ కూడా ఇలా అడిగి ఉంటే నా మధ్యాహ్నం మిగిలేది. పద్ధతి, చిరునామా 192.168.1.50/24, గేట్‌వే, డీఎన్ఎస్ నాలుగూ ఒకే వరుసలో ఇస్తే ఒప్పుకుంది.

రెండోది: ఏ సందేశమూ రాలేదు, అయిపోయిందనుకున్నాను. చూస్తే ఇంకా 12. ‘మాడిఫై’ అంటే కాగితం మీద రాయడమే. ‘ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్ ఇంటితీగ’ అన్నాక గాని అమల్లోకి రాలేదు. ఇది లోపం కాదు, దూరం నుంచి పని చేసేవాడికి రక్షణ. తప్పు రాసినా, అప్ కొట్టేదాకా కొమ్మ తెగదు.

రాసినదంతా సిస్టమ్ కనెక్షన్స్ డైరెక్టరీలో ఒక ఫైలుగా చేరింది. ఆ ఫైలు రూట్‌ది (యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా), 600 అనుమతితో ఉండాలి, అంటే రూట్ తప్ప ఎవరూ చదవకూడదు. ఒక ప్రతి తీసి దాచాను.

‘ఐపీ అడ్రస్’ కొడితే 192.168.1.50/24. డైనమిక్ అనే మాట లేదు. గడువు దగ్గర సెకన్ల బదులు ‘ఫరెవర్’ అని ఉంది. మానిటర్ అటక ఎక్కింది.

9వ రోజు

“నా ఫోనులో నెట్ రావడం లేదు. మళ్లీ ఏం కదిపావురా?”

“ఈ రోజు నేనేమీ ముట్టుకోలేదక్కా.”

ముట్టుకోని మాట నిజమే. మధ్యాహ్నం పెట్టెను ఒక గంట ఆపి దుమ్ము దులిపాను, అంతే. కానీ పెట్టెతో నా ఎస్ఎస్‌హెచ్ కూడా నిమిషం పలికి నిమిషం ఆగుతోంది. అక్క ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. రెండూ ఒకేసారి పాడవడం చూస్తే అనుమానం వచ్చింది.

ల్యాప్‌టాప్‌లో ‘ఐపీ నైబర్’ కొట్టాను. చుట్టుపక్కల ఏ ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌కు చెందుతుందో ల్యాప్‌టాప్ రాసుకున్న జాబితా అది. 192.168.1.50 ఎదురుగా ఉన్నది నోటుబుక్కులోని పెట్టె మ్యాక్ కాదు. ఇరవై సెకన్లాగి మళ్లీ కొట్టాను. ఇప్పుడు పెట్టె మ్యాక్. మరికాసేపటికి మళ్లీ ఆ కొత్తది. ఒకే నంబరు ఇంటి ముందు ఇద్దరు నిలబడి, ఎవరు గట్టిగా అరిస్తే వారికి ఉత్తరం ఇస్తున్నట్లుంది.

ఆ కొత్త మ్యాక్ 9ఈ తో మొదలవుతోంది. మొదటి జతలో రెండో గుర్తు 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కార్డు తయారైనప్పుడు పడిన మ్యాక్ కాదు, సాఫ్ట్‌వేర్ కల్పించుకున్నది. ఈ కాలపు ఫోన్లు వైఫైలో అసలు మ్యాక్ చెప్పకుండా ఇలాంటి మారు పేరుతో తిరుగుతాయి. ఇంట్లో మారు పేరుతో తిరిగేది ఇంకెవరు, అక్క ఫోనే. దాని సెట్టింగుల్లో చూస్తే చిరునామా 192.168.1.50.

తప్పు నాదే. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ పంచే పరిధి చూస్తే 2 నుంచి 254 వరకు, అంటే వీధిలో ఉన్న ఇళ్లన్నీ. నేను 50లో దిగి కూర్చున్నట్లు రౌటర్‌తో చెప్పినవాళ్లెవరూ లేరు. ఇవ్వబోయే ముందు ఆ నంబరులో ఎవరైనా పలుకుతారేమోనని అడిగి చూడటం మంచి రౌటర్ లక్షణం. నా రౌటర్ అడిగిందో లేదో గాని, అడిగినా ఆ గంటలో పెట్టె ఆగి ఉంది కదా. నాలుగో రోజు గీసిన గడుల్లో చిరునామా కింద ‘నేను’ అని రాసుకున్నాను. రౌటర్ కూడా ఆ గడిలో రాస్తుందన్నది తట్టలేదు.

పరిధిని 100 నుంచి 200కు కుదించి, రౌటర్‌ను ఆపి వెలిగించాను. అక్క ఫోనులో వైఫైని మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలిపితే 104 వచ్చింది. ఆర్పింగ్ అనే చిన్న పనిముట్టుతో “50 ఎవరు” అని ల్యాప్‌టాప్ నుంచి పదిసార్లు అడిగాను. పదిసార్లూ పెట్టె మ్యాకే పలికింది.

అయితే చిరునామాను పెట్టెలో రాసే బదులు, ఈ మ్యాక్ అడిగితే ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వు అని రౌటర్‌లోనే రాసి పెట్టవచ్చు. ఎవరైనా అడిగితే నేను ముందు అదే చెబుతాను. అన్నీ ఒకే చోట ఉంటాయి, యంత్రంలో ఏమీ మార్చనక్కర్లేదు. చేత పట్టుకుని నాలుగు చోట్ల తిరిగే ల్యాప్‌టాప్‌లో స్టాటిక్ రాసుకోవడం అసలే తగదు, వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్లిన రోజున అది మూగబోతుంది. కానీ రౌటర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెస్తే ఆ జాబితా పోతుంది, నా పెట్టె రౌటర్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడకూడదనిపించింది. కాబట్టి పెట్టెకు స్టాటిక్. ప్రింటర్‌కు మాత్రం రౌటర్‌లోనే 150 కేటాయించాను. దాని రెండు వరుసల తెర మీద బాణం గుర్తులతో చిరునామా రాసే ఓపిక నాకు లేదు.

10వ రోజు

రౌటర్ డీఎన్ఎస్ అప్పుడప్పుడు నసుగుతోందని పెట్టెలో 9.9.9.9, దానికి తోడుగా 149.112.112.112 పెట్టాను. రెండూ క్వాడ్9 అనే డీఎన్ఎస్ సేవ వారివి, 2017 నుంచి అందరికీ తెరిచి ఉన్నాయి. అప్ కొట్టి రిజాల్వ్ డాట్ కాన్ఫ్ చూస్తే రెండు కాదు, మూడు వరుసలు. మూడోది ఎఫ్ఈ80::1, పక్కన శాతం గుర్తు, కార్డు పేరు.

ఇది రౌటరే, ఐపీవీ6 (ఇప్పటిదాకా చూసిన ఐపీవీ4 తర్వాత వచ్చిన, పొడవాటి చిరునామాల పద్ధతి) కిటికీలోంచి తొంగిచూస్తోంది. నేను సరిచేసింది ఐపీవీ4 వైపు మాత్రమే. ఐపీవీ6లో రౌటర్ తన ఉనికిని తనే చాటుకుంటూ డీఎన్ఎస్ పేరు కూడా చెబుతుంది, నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని శ్రద్ధగా రాసుకుంటుంది. పేర్లు వెతికే లైబ్రరీ ఆ ఫైల్లో మొదటి మూడు నేమ్‌సర్వర్లనే చూస్తుంది. మొదటిది పలకకపోతే మామూలుగా ఐదు సెకన్లు ఆగి తర్వాతిదాన్ని అడుగుతుంది. కాబట్టి మూడోది ఉన్నా కొంప మునిగేది లేదు, కానీ అడగని మనిషి పేరు నా జాబితాలో ఎందుకు?

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఐపీవీ6ను మొత్తంగా ఆపెయ్యమని. నాకు నచ్చదు. చేతికి ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తాం గాని చెయ్యి తీయం. కనెక్షన్‌లో ఐపీవీ6 వైపు, తనంతట తాను వచ్చే డీఎన్ఎస్‌ను పట్టించుకోవద్దు అనే ఒక్క గుణాన్ని ‘ఎస్’ చేశాను. మూడో వరుస పోయింది. కార్డు మీద ఐపీవీ6 చిరునామాలు మాత్రం అలాగే ఉన్నాయి: ఎఫ్ఈ80తో మొదలయ్యే ఇంటి వాడుక పేరు ఒకటి, బయటికి చెప్పుకునే పెద్ద పేర్లు రెండు. ఆ రెండింటిలో ఒకటి కావాలనే కొంతకాలానికి మారిపోతూ ఉంటుంది, బయటివాళ్లు ఆనవాలు పట్టకుండా. మారని చిరునామా కోసం నేను పది రోజులుగా తంటాలు పడుతున్న కార్డు మీదే, మారడమే పనిగా పెట్టుకున్న చిరునామా!

13వ రోజు

బయట ఉన్నప్పుడు కూడా పెట్టెను అందుకోవచ్చు కదా అని ఆశపుట్టి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును లోపలి యంత్రానికి పంపే ఏర్పాటు) రాశాను. బయటి నుంచి ఎంత తట్టినా జవాబు లేదు. రౌటర్ స్థితి పేజీలో బయటివైపు చిరునామా చూడగానే పెన్ను కింద పెట్టేశాను. 100.83తో మొదలవుతోంది.

100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఇంటర్నెట్‌లో నడిచే చిరునామాలు కావు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలు చాలా ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక నిలబెట్టడానికి 2012లో విడిగా తీసిపెట్టినవి. 1981లో ఖరారైన 32 బిట్ల లెక్కలో మొత్తం 429 కోట్ల పైచిలుకు చిరునామాలే ఉన్నాయి, ప్రపంచ స్థాయిలో పంచే ఖాతాలో చివరి దిమ్మలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అంటే నా వీధికి బయట ఇంకో ప్రహరీ ఉంది, దాని గేటు తాళం నా దగ్గర లేదు. నా రౌటర్‌లో నేను తెరిచిన తలుపు ఆ ప్రహరీ లోపలే తెరుచుకుంటోంది.

రాసిన ఫార్వర్డింగ్ తీసేశాను. పెట్టె ఇంట్లోవాళ్లకే.

34వ రోజు

ఈ డైరీ మూసేశాననుకున్నాను. ఇరవై రాత్రులుగా బ్యాకప్ లాగ్‌లో తప్పు ఒక్కటీ లేదు. ఈ రోజు ఇంటర్నెట్ సంస్థ మనిషి వచ్చి రౌటర్ మార్చి వెళ్లాడు. సాయంత్రానికి పెట్టె అదృశ్యం.

కొత్త రౌటర్ 192.168.0.1. వీధే మారిపోయింది. ల్యాప్‌టాప్‌కు 192.168.0.5 వచ్చింది, అక్క ఫోనుకు 192.168.0.3. స్టాటిక్ పెట్టె మాత్రం 192.168.1.50 అని బోర్డు పెట్టుకుని, లేని గేట్‌వే వైపు చూస్తూ కూర్చుంది. రౌటర్ జ్ఞాపకం మీద ఆధారపడకూడదని తొమ్మిదో రోజు ఎంత దర్జాగా రాశానో చదువుకున్నాను.

మానిటర్ కోసం అటక వైపు రెండడుగులు వేసి ఆగాను. వీధి పేరు మారింది గాని తీగ అదే కదా. ల్యాప్‌టాప్, పెట్టె రెండూ ఒకే రౌటర్‌కు తగిలి ఉన్నాయి. ఒక కార్డుకు ఒకే చిరునామా ఉండాలన్న నియమం లేదు. ల్యాప్‌టాప్‌లో కొట్టాను: ఐపీ అడ్రస్ యాడ్ 192.168.1.60/24, పక్కన వైఫై కార్డు పేరు. ఎంటర్ కొట్టే ముందు 24 ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పెట్టెకు పింగ్ కొడితే మొదటి జవాబు 3 మిల్లీసెకన్లలో వచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే అంతా క్షేమం, బయటికి దారి ఒక్కటే లేదు.

ఇక రెండు దారులు. పెట్టెలో 192.168.0.50 అని మార్చి, బ్యాకప్ స్క్రిప్టులోనూ, అక్క ఫోనులోని ఫొటోల యాప్‌లోనూ, నోటుబుక్కులోనూ దిద్దుకోవడం ఒకటి. రౌటర్‌నే పాత వీధికి తేవడం రెండోది. రౌటర్ పేజీలో లోపలి చిరునామాను 192.168.1.1 చేసి, పంచే పరిధి చూస్తే మళ్లీ 2 నుంచి 254. దాన్ని 100 నుంచి 200 చేసి రీబూట్ చేశాను. నోటుబుక్కు పక్కనే ఉంది కాబట్టి మొత్తం ఆరు నిమిషాల పని. ల్యాప్‌టాప్ వైఫైని ఆపి వెలిగించాను, దానికి 101 వచ్చింది, నేను తగిలించిన 60 దానంతట అదే పోయింది. పెట్టె ఏమీ జరగనట్లే పలికింది. దానికి నిజంగానే ఏమీ జరగలేదు.

35వ రోజు

రాత్రి 2 గంటల బ్యాకప్ లాగ్: పంపిన ఫైళ్లు 212, తప్పులు 0.

పొద్దున అక్క ఏదో ప్రింట్ తీయబోతే ప్రింటర్ దొరకలేదు. పాత రౌటర్‌లో దానికి రాసిపెట్టిన 150 పాత రౌటర్‌తోనే వెళ్లిపోయింది. ఇప్పుడు 117లో ఉంది. దాని తెర మీది బాణం గుర్తులు నొక్కుతూ ఇది రాస్తున్నాను.